ఎత్తుకునే చేతులు

"ఇనుప కడ్డీలు ఎత్తడానికున్న ఓపిక, వాణ్ణి పట్టుకోవాల్సిన టైముకి ఎటు పోయిందమ్మా?"

ఆ మాట అనేసి, అన్నందుకు తనే ఉలిక్కిపడినట్టు, కూతురు చేతిలోని గ్లాసును బల్ల మీద పెట్టింది. గ్లాసులో నీళ్ళు అంచుదాకా ఊగి ఆగాయి.

కండక్టరమ్మ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, నొప్పి పెడుతున్న కుడి భుజాన్ని ఎడమచేత్తో అదిమి పట్టుకుంది. ఉద్యోగం మానేసి ఏళ్ళవుతున్నా వీధిలో అందరికీ ఆమె ఇంకా కండక్టరమ్మే. కిక్కిరిసిన బస్సులో దేన్నీ పట్టుకోకుండా నిలబడి టికెట్లు చింపిన మనిషి. వెనక మెట్టు మీద వేలాడేవాణ్ణి ఒక్క కేకతో లోపలికి రప్పించిన మనిషి. ఇప్పుడు కన్నకూతురి ప్రశ్నకు తల దించుకుంది.

లోపలి గది తలుపు తెరిచే ఉంది. ఆ గదిలో మంచం మీద కొడుకు పడుకుని ఉన్నాడు. నుదుటి మీద కుట్లు, వాటి మీద తెల్లటి పట్టీ. నిన్న పొద్దున స్నానాలగదిలో, చక్రాల కుర్చీలోంచి స్టూలు మీదికి మారుస్తూండగా తల్లి చేతుల్లోంచి కింద పడ్డాడు. కుళాయి అంచు తగిలి నుదురు చిట్లింది. కబురు అందగానే కూతురు తను పనిచేసే మందుల షాపు నుంచి అటునుంచి అటే వచ్చేసింది. రాత్రంతా ఎవరూ సరిగ్గా నిద్రపోలేదు. తెల్లారాక మాటలు మొదలయ్యాయి.

"మాట్లాడవేం?"

"ఏం మాట్లాడను? పడేశాను. నిజమేగా."

"పడేశావని నేననలేదు. పడేసే స్థితి తెచ్చుకున్నావంటున్నా. ఆ భుజం చూడు, పైకి లేవట్లేదు. జిమ్ముకి పోయి పోయి భుజం పాడు చేసుకున్నావు."

"భుజం నిన్న పట్టేసింది. వాడు పడుతుంటే ఆపబోయాను, అప్పుడు. అంతకుముందు బాగానే ఉంది."

"నువ్వు ఎప్పుడూ అలాగే చెప్తావు. అన్నీ బాగానే ఉంటాయి నీకు." కూతురు గొంతు పెరిగింది. "నీ వయసు వాళ్ళు పొద్దున్నే పార్కులో నాలుగడుగులు వేసి ఇంటికొస్తారు. నువ్వు కుర్రాళ్ళ మధ్య నిలబడి బరువులు ఎత్తుతావు. మొన్న షాపుకొచ్చినాయన అంటాడూ, 'మీ అమ్మగారు మాకంటే ఎక్కువ ఎత్తుతారండీ' అని. నవ్వాలో ఏడవాలో తెలీలేదు నాకు."

"నవ్వాల్సిందక్కా," లోపల్నుంచి కొడుకు అన్నాడు. "నా కండలన్నీ అమ్మకి బదిలీ అవుతున్నాయి. ఒంట్లో లేకపోయినా ఇంట్లోనే ఉన్నాయిగా."

ఇంకెప్పుడైనా అయితే ముగ్గురూ నవ్వేవారు. అతనిది పసితనం నుంచే ఒంట్లో కండ కరిగిపోయే జబ్బు. ముందు కాళ్ళు పోయాయి. తర్వాత భుజాలు పోయాయి. ఇప్పుడు మోచేతుల కిందనే కాస్త సత్తువ మిగిలింది. ఆ సత్తువ మిగిలిన వేళ్ళతోనే కంప్యూటర్ ముందు కూర్చుని ఒక వారపత్రికకు గళ్ళ నుడికట్టు పజిళ్ళు తయారుచేస్తాడు. అందుకే తండ్రి బతికున్నప్పుడు ముద్దుగా గళ్ళబాబు అని పిలిచేవాడు. నలభైకి దగ్గర పడుతున్నా ఆ పేరు పోలేదు.

"నువ్వు కాసేపు నోరు మూసుకుని పడుకో," అంది కూతురు. ఆ కసురులో ఏడుపు ఉంది.

కండక్టరమ్మ తలెత్తి అడిగింది. "రేపు వాళ్ళు వస్తున్నారా?"

"వస్తారు. వచ్చి వాణ్ణి చూస్తారు, మనతో మాట్లాడతారు. అంతే."

వాళ్ళంటే హోమ్ వాళ్ళు. కదల్లేని మనుషుల్ని పగలూ రాత్రీ చూసుకునే చోటు. దాని గురించి కూతురు నిన్న ఆస్పత్రి వరండాలో మొదటిసారి చెప్పింది. చెప్పి తల తిప్పుకుంది.

"కుట్లు ఆరకముందే ఏర్పాట్లు చేసేశావన్నమాట," అంది కండక్టరమ్మ. "ఎన్నాళ్ళ నుంచి అనుకుంటున్నావు? తమ్ముణ్ణి వదిలించుకోవాలని ఉంటే ఆ మాట ముఖం మీదే అనొచ్చుగా. మధ్యలో నా జిమ్మెందుకు?"

కూతురు ఏదో అనబోయింది. పెదవులు విడిపోయాయి కూడా. లోపలి గది వైపు ఒక్క క్షణం చూసి, మళ్ళీ మూసుకున్నాయి.

"నీ ఇష్టం. ఎలా అనుకుంటే అలా అనుకో," అని గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఎదురు సమాధానం వస్తుందని కాచుకున్న కండక్టరమ్మకు ఆ మౌనం కొత్తగా అనిపించింది. ఈ పిల్ల మాట పడి ఊరుకునే రకం కాదు. కానీ అప్పుడామెకు ఆలోచించే ఓపిక లేదు.

*

టిఫిన్ పెట్టాలంటే గళ్ళబాబును లేపి కుర్చీలో కూర్చోబెట్టాలి.

"నువ్వొక్కదానివే ఎత్తొద్దు. నేనూ పట్టుకుంటా," అంది కూతురు.

తల్లి మంచానికి ఒక పక్క, కూతురు మరో పక్క. కూతురికి ఎక్కడ పట్టుకోవాలో తెలియదు. చంకల్లో చేతులు వేసి పైకి లాగింది. గళ్ళబాబు పళ్ళు బిగించాడు. నడుము కిందికి జారిపోయింది, తల ఒక పక్కకు వాలింది.

"అలా లాగకు. వాడి భుజాలు పట్టు తప్పుతాయి. మోకాళ్ళు వంచు. నీ ఒంటికి ఆనించుకో వాణ్ణి."

"ఆనించుకుంటున్నాగా."

"ఇంకా దగ్గరగా."

ఎలాగో కుర్చీలోకి చేర్చారు. గళ్ళబాబు కళ్ళు మూసుకుని ఊపిరి తీసుకుంటున్నాడు. పట్టీ అంచున ఎర్రగా చెమ్మ కనిపించింది. కూతురు అది చూసి, మంచం కోడును పట్టుకుని నేల మీద చతికిలబడింది.

"నాకు భయంగా ఉందమ్మా."

"దేనికి?"

"నీ తర్వాత వీణ్ణి ఎత్తాల్సింది నేనే కదా. ఇంకెవరున్నారు? నాకు చేతకాదు. నిజంగా చేతకాదు. నువ్వు ఆ జిమ్ముకి పోయి ఎత్తుతూ ఉన్నన్నాళ్ళూ... అమ్మ ఉందిలే అనుకుంటూ రోజులు నెట్టాను. నిన్న ఫోన్ వచ్చాక తెలిసింది, ఇన్నాళ్ళూ కళ్ళు మూసుకుని ఉన్నానని."

తమ్ముడి ముందే ఆ మాట అనేసినందుకు ఆమె చేత్తో నోరు మూసుకుంది. గళ్ళబాబు కళ్ళు తెరవలేదు. వినలేదని ఎవరూ అనుకోలేదు.

కండక్టరమ్మకు అక్కడ నిలబడాలనిపించలేదు. పొద్దుటి తన మాట తనకే ముల్లులా గుచ్చుకుంది. కూతురి తల మీద చెయ్యి వేయబోయి, వేయలేక, చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"నేనలా వెళ్ళొస్తాను. వాడికి మెల్లగా తినిపించు. నీళ్ళు తాగించేటప్పుడు తల పట్టుకో."

"ఎక్కడికి?"

"జిమ్ముకి. మానేస్తున్నానని చెప్పి వస్తాను."

కూతురు లేచి టిఫిన్ పళ్ళెం అందుకుంది. గళ్ళబాబు మాత్రం కళ్ళు తెరిచి తల్లివైపు చూశాడు. 

*

జిమ్ము టైర్ల దుకాణం పైన ఉంది. మెట్లు ఇరుకు. రబ్బరు వాసన సగం మెట్లదాకా వెంట వస్తుంది. అక్కడి నుంచి చెమట వాసన అందుకుంటుంది. మొదట్లో ఆ మెట్లెక్కడానికి కండక్టరమ్మ మధ్యలో ఆగి, గోడకు చెయ్యి ఆనించి, కింద వీధిని చూస్తున్నట్టు నటించేది. తర్వాత తర్వాత ఆ నటన అక్కర్లేకపోయింది. ఈ మధ్యే మళ్ళీ అవసరమవుతోంది. ఇవాళ కూడా ఆగింది. రాత్రి నిద్ర లేదుగా, అందుకే అనుకుంది.

భర్త డ్రైవరు. పగలు బస్సు నడిపి, ఇంటికి రాగానే కొడుకును ఎత్తుకునేవాడు. వాణ్ణి ఇంకొకరు ఎత్తితే ఒప్పుకునేవాడు కాదు. ఒకరోజు డిపోలో బస్సు ఆపి, స్టీరింగు మీద తల వాల్చి, మళ్ళీ లేవలేదు. ఏడుపులు ఆగాక, వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక, గళ్ళబాబును మంచం మీంచి దించేవాళ్ళే లేరు. నాలుగు రోజులు పక్కింటివాళ్ళు, ఎదురింటివాళ్ళు సాయం వచ్చారు. తర్వాత ఎవరి పని వాళ్ళకు అడ్డొచ్చింది. ఒక మధ్యాహ్నం వాణ్ణి ఎత్తబోయి ఇద్దరూ కలిసి నేల మీద కూలబడ్డారు. సాయంత్రం దాకా లేవలేక, ఒకరి మీద ఒకరు పడి అలాగే ఉన్నారు. మర్నాడు కండక్టరమ్మ ఈ మెట్లెక్కింది.

జిమ్ము నడిపేది ఒక నడివయసు ఆవిడ. ఒకప్పుడు పోటీల్లో బరువులెత్తేది. అందరూ ఆమెను కోచ్ అంటారు. కండక్టరమ్మ ఒక్కతే కోచమ్మా అంటుంది.

"నాకు సన్నబడాలని లేదు, అందంగా కనపడాలనీ లేదు," అని ఆ రోజు చెప్పింది కండక్టరమ్మ. "మా అబ్బాయిని ఎత్తాలి. వాడికి కాళ్ళు లేవవు. నేర్పిస్తావా?"

కోచ్ నవ్వలేదు. ముందు డాక్టరుకు చూపించుకుని రమ్మంది. అప్పుడు చూపించుకుంది, అంతా బాగుందన్నారు. ఏడాదికోసారి వెళ్ళాలని కోచ్ తర్వాత గుర్తు చేస్తూనే ఉంది. వెళ్తానంటూనే రోజులు గడిపేసింది కండక్టరమ్మ. కొడుకును ఎవరికి అప్పజెప్పి వెళ్తుంది?

కుర్చీలో కూర్చోవడం, లేవడం. మొదట అంతే. తర్వాత చిన్న బరువులు. తర్వాత కడ్డీ. ఆ పైన కోచ్ ఒక గోనెసంచీలో ఇసుక పోసి, మనిషిని ఎత్తినట్టే దాన్ని ఎత్తడం నేర్పింది. పక్కన బరువులెత్తే కుర్రాళ్ళు తొలిరోజుల్లో చాటుగా నవ్వుకున్నారు. ఆ తర్వాత వాళ్ళే ఆమె వచ్చేసరికి సంచీ తెచ్చి పెట్టేవారు. "ముందుకు జరగండి, ముందుకు జరగండి," అని ఆమెలాగే అరిచి దారిచ్చేవారు.

కొడుకు కోసమే ఇక్కడికి వస్తున్నానన్నది అబద్ధం కాదు. అది పూర్తి నిజం కూడా కాదు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. బరువు నేల వదిలి పైకి లేచే ఆ క్షణంలో ఒంట్లో ఎక్కడో ఒక దీపం వెలిగేది. ఈ వయసులో ఒళ్ళు చెప్పిన మాట వినడం ఆమెకు వింతగా ఉండేది. అద్దంలో తన చేతులు చూసుకుని సిగ్గుపడేది. ఆయన చూస్తే ఏమనేవాడో అనుకునేది. ఇంటికి వెళ్ళే దారిలో ఆమె తల్లీ కాదు, మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషీ కాదు. వీధిలో నిటారుగా నడిచే ఒక మనిషి, అంతే.

పొద్దున కూతురు అన్న మాట అక్కడే తగిలింది. నా సంతోషానికి వెళ్ళాను, దాని ఫలం వాడు అనుభవించాడు. నిన్నటి నుంచి ఆమె మనసులో తిరుగుతున్నది ఇదే.

మధ్యాహ్నం కావస్తూండటంతో జిమ్ములో ఎవరూ లేరు. కోచ్ నేల తుడుస్తోంది. ఆమెను చూసి తుడుపుకర్ర గోడకు ఆనించింది.

"విన్నానమ్మా. ఎలా ఉన్నాడు?"

"కుట్లు పడ్డాయి. ఇక నేను రాను కోచమ్మా. ఆ మాట చెప్పడానికే వచ్చాను."

"కూర్చోండి ముందు. మొహం ఏంటి అలా పాలిపోయింది?"

"మెట్లెక్కానుగా." ఆమె బల్ల మీద కూర్చుంది. కాసేపు ఊపిరి తీసుకుని అంది, "నా పట్టు జారిపోయింది. ఇన్నాళ్ళూ నేర్పావు, నీ పేరు చెడగొట్టాను."

"నా పేరుకేంగానీ, ఎలా జరిగింది?"

ఎలా జరిగిందో మాటల్లో చెప్పడం ఆమెకు చేతకాలేదు. వాడి చేతులు వాటంతట అవి పైకి లేవవు. తనే వాటిని తీసి మెడ వెనక్కి వేసుకుంటుంది. అక్కడ వాడు వేళ్ళలో వేళ్ళు పెట్టి బిగిస్తాడు. వేళ్ళకు మాత్రం బలం ఉంది. ఆమె మోకాళ్ళు వంచి, వాణ్ణి గుండెకు ఆనించుకుని లేస్తుంది. నిన్న కూడా అంతే. లేచింది. తిరిగింది. సగంలో వాడు లేడు.

"వేళ్ళు జారాయన్నాడు. తడిచేతులుగా," అంది.

"నేను కూర్చుంటా, చూపించండి. భుజం నొప్పంటే వద్దు."

"పర్లేదు. కొంచెమేగా."

కోచ్ స్టూలు మీద కూర్చుని ఆమె మెడ చుట్టూ చేతులు వేసి, వెనక వేళ్ళు బిగించింది. ఒళ్ళంతా బరువు వదిలేసింది. కండక్టరమ్మ లేచింది. భుజం చురుక్కుమంది, కానీ కాళ్ళు తడబడలేదు. ఒకడుగు తిరిగేసరికి, నేల తుడిచిన తడికి కోచ్ వేళ్ళు నిజంగానే జారాయి. జారేముందు మెడను కిందికి గుంజాయి. గోళ్ళు చర్మాన్ని గీసుకుంటూ పోయాయి. కోచ్ కాళ్ళు నేలకు తాటించి నిలదొక్కుకుంది.

"అయ్యో, గీసుకుందా?"

కండక్టరమ్మ మెడ వెనక తడుముకుంది. చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"ఇంకోసారి," అంది. "ఈసారి జారొద్దు. నువ్వే వేళ్ళు విప్పెయ్."

"ఎందుకమ్మా?"

"విప్పెయ్, చెప్తాను."

కోచ్ అలాగే చేసింది. మెడ మీంచి బరువు దూదిలా తేలిపోయింది. గుంజలేదు. గీసుకోలేదు.

నిన్నటి లాగే.

కండక్టరమ్మ బల్ల అంచు పట్టుకుని నిలబడిపోయింది. గుండెలో ఏదో తప్పిపోయి, మళ్ళీ గబగబా పరుగెత్తింది. కోచ్ నీళ్ళు తెస్తానని వెళ్ళేలోపే ఆమె మెట్లు దిగుతోంది.

*

ఇంట్లో కూతురు వంటింట్లో ఉంది. గళ్ళబాబు కుర్చీలోనే ఉన్నాడు. ఎదురుగా కంప్యూటర్ తెర మీద సగం నిండిన గళ్ళు. వేళ్ళు కదలడం లేదు.

ఆమె వాడి ఎదురుగా మంచం అంచు మీద కూర్చుంది.

"మానేశావా?" అని అడిగాడు.

"నీ వేళ్ళు జారలేదు."

గళ్ళబాబు తెరవైపే చూస్తున్నాడు.

"జారితే నా మెడ గుంజేది. గోళ్ళు గీసుకునేవి. ఏదీ లేదు. నువ్వే విప్పేశావు."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"కండక్టర్ దగ్గర ఆటలు సాగవు," అన్నాడు చివరికి, నవ్వబోతూ. "ఎక్కడ దిగిపోయినా పట్టేస్తావు."

"నడుస్తున్న బస్సులోంచి దూకితే ఏమవుతుందో తెలియని పసివాడివా? తల పగిలి ఉంటే?"

"అంత దూరం ఆలోచించలేదమ్మా."

"ఎందుకు విప్పావురా?"

  కిటికీలోంచి వచ్చిన ఎండ వాడి పాదాల మీద పడుతోంది. ఆమె అలవాటుగా వంగి కుర్చీని కొంచెం నీడలోకి జరిపింది.

"నువ్వు ఎత్తేటప్పుడు నా చెవి ఎక్కడుంటుందో తెలుసా?" అన్నాడు గళ్ళబాబు. "సరిగ్గా నీ గుండె మీద. నాన్న ఎత్తినా అంతే. నాన్నది బస్సు ఇంజనులా ఒకే తీరుగా కొట్టుకునేది. నీది కూడా మొన్నటిదాకా అలాగే ఉండేది. ఈ మధ్య తప్పుతోంది. కొట్టుకుంటూ కొట్టుకుంటూ ఆగుతుంది. మళ్ళీ అందుకుని పరుగెడుతుంది. నిన్న ఆగింది. చాలాసేపు ఆగిందమ్మా. మళ్ళీ మొదలవుతుందో లేదో తెలీలేదు. నా బరువు దిగితే మొదలవుతుందేమో అనిపించింది. అంతే. వదిలేశాను."

కండక్టరమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తూ ఉంది.

"చెప్పొచ్చుగా నాకు," అంది కాసేపటికి.

"చెప్తే ఏమనేదానివి?"

ఆమె ఏమనేదో ఇద్దరికీ తెలుసు.

"ఇంకోటి కూడా ఉంది," అన్నాడు. "జిమ్ము నుంచి వచ్చిన రోజు నువ్వు పాడుకుంటూ వంట చేస్తావు. నీకు తెలీదేమో. నాన్న పోయాక నీ నోట పాట వినడం అప్పుడే. గుండె సంగతి బయటపెడితే ముందు జిమ్మునే మాన్పిస్తారు. అందుకే ఇవాళ రేపు అంటూ గడిపాను. తప్పే. నాలుగు నెలల కిందటే చెప్పాల్సింది."

"అప్పట్నుంచీ వింటున్నావా?"

"వింటున్నా. అప్పుడే అక్కకి ఫోన్ చేశాను. ఎక్కడైనా మంచి హోమ్ ఉంటే కనుక్కోమని."

కూతురు గుమ్మంలో నిలబడి ఉంది. చేతులు తడిగా ఉన్నాయి. తుడుచుకోవడం మరిచిపోయింది.

"నువ్వా?" కండక్టరమ్మ కొడుకును కాకుండా కూతురినే చూస్తూ అడిగింది. "వాడు అడిగితే వెతికావా?"

"నాలుగు నెలలు వద్దనే చెప్పానమ్మా," అంది కూతురు. "నిన్న ఆస్పత్రిలో కుట్లు వేస్తుంటే నా చెయ్యి పట్టుకుని అడిగాడు. అప్పుడు సరేనన్నాను. గుండె సంగతి మాత్రం నాకు చెప్పలేదు. ఇప్పుడే వింటున్నా."

"మరి పొద్దున నేను అన్ని మాటలంటే..."

"తనే అడిగాడని నీకు చెప్పొద్దన్నాడు. నా మీద కోపమైతే నువ్వు మర్చిపోతావట. వాడే వెళ్తానన్నాడని తెలిస్తే తట్టుకోలేవట."

 బయట వీధిలో ఎవరో బండిని మాటిమాటికీ స్టార్ట్ చేస్తున్నారు. అది అందుకోవడం లేదు.

కండక్టరమ్మ లేచి కొడుకు కుర్చీ ముందుకు వచ్చింది. మోకాళ్ళు వంచి, నడుము నిటారుగా పెట్టి, నేర్చుకున్న తీరులోనే కూర్చుంది. వాడి రెండు చేతులూ అందుకుని తన మెడ వెనక్కి వేసుకుంది.

"పట్టుకో. మంచం మీదికి మారుస్తాను. సాయంత్రం దాకా కూర్చుంటే నడుం నొప్పి పుడుతుంది నీకు."

"వద్దమ్మా."

"భుజం బాగానే ఉందిరా. ఇందాక కోచమ్మనే ఎత్తాను. పట్టుకో."

గళ్ళబాబు వేళ్ళు బిగించలేదు. చేతులు ఆమె భుజాల మీద వదులుగా, బట్ట ఆరేసినట్టు పడి ఉన్నాయి. పుట్టినప్పటి నుంచి వాడు ఆమె చేతుల్ని వద్దనడం ఇదే మొదలు.

"నీ కోసమే కదరా ఈ బలమంతా," అంది ఆమె.  "ఇప్పుడు వద్దంటే ఏం చేసుకోను నేను?"

"ఉంచుకో," అన్నాడు వాడు. "నీకోసం ఉంచుకో."

ఆమె లేవలేదు. వాడి ముఖానికి ముఖం దగ్గరగా, వంచిన మోకాళ్ళ మీద అలాగే ఉంది. తొడలు వణకడం మొదలైంది. అయినా లేవలేదు. వాడే తల పక్కకు తిప్పుకున్నాడు. కన్నీళ్ళు తుడుచుకోవడానికి వాడి చెయ్యి వాడి దగ్గర లేదు, ఆమె మెడ మీద ఉంది.

కూతురు వచ్చి తమ్ముడి చేతులు ఒక్కొక్కటే తీసి వాడి ఒళ్ళో పెట్టింది. తల్లిని పట్టి లేపి మంచం మీద కూర్చోబెట్టింది. తర్వాత తల్లి మణికట్టు అందుకుని, రెండు వేళ్ళు నొక్కి, గోడ గడియారం వైపు చూసింది.

"ఏం లేదే. గబగబా నడిచొచ్చానుగా," అంది కండక్టరమ్మ.

"మాట్లాడకు."

కూతురి పెదవులు లోలోపల లెక్కపెడుతున్నాయి. మధ్యలో ఆగాయి. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. వేళ్ళు కొంచెం జరిపి, మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది. మళ్ళీ ఆగింది. మూడోసారి లెక్కపెట్టనే లేదు. మణికట్టు వదలకుండా లేచి నిలబడింది.

"చెప్పులేసుకో అమ్మా. ఆస్పత్రికి వెళ్దాం."

"సాయంత్రం చూద్దాంలే."

"ఇప్పుడే. నువ్వు ఒక్కదానివే వెళ్ళలేవు. నేను పట్టుకుని తీసుకెళ్తా."

"మరి వీడి దగ్గర ఎవరుంటారు?"

కూతురు నోరు తెరిచింది. కానీ ఎవరి పేరూ రాలేదు. తమ్ముణ్ణి చూసింది. కుర్చీలో ఒక పక్కకు ఒరిగి ఉన్నాడు. ఒరిగినవాణ్ణి సరిచేయాలన్నా ఒక మనిషి కావాలి. తల్లి మణికట్టు ఇంకా తన వేళ్ళ మధ్యే ఉంది. దాన్ని వదల్లేదు, ముందుకూ కదల్లేదు.

"వెళ్ళిరండి," అన్నాడు గళ్ళబాబు. "నేనెక్కడికి పోతాను?"

ఆ మాటకు ఎవరూ నవ్వలేదు.